ఈసారి యూత్‌ని ఎక్కడికి తీసుకెళ్ళాలి? ఏ పుస్తకం ఇవ్వాలి?

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది ఖమ్మం. మా సంఘంలో యూత్ బాధ్యత ఈ ఏడాది నాకూ ఇంకో తమ్ముడికీ అప్పజెప్పారు. మొత్తం ఇరవై నాలుగు మంది, ఇంటర్ నుంచి బీటెక్ దాకా చదివేవాళ్ళు. జనవరిలో ఒక రోజు అందరం కలిసి బయటికి వెళ్ళాలని ఉంది. పిల్లలు వాటర్ పార్క్ అంటున్నారు. పెద్దలేమో "ఆ డబ్బేదో కానుకల్లో వేయండి" అంటున్నారు. పోయినసారి కిన్నెరసాని వెళ్తే సగం మంది ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. ఈసారి పిల్లలకు క్రైస్తవ పుస్తకాలు కూడా ఇద్దామనుకుంటున్నాం, ఏవి మంచివో తెలియడం లేదు. మా ఇంట్లో 'ఎడారిలో సెలయేర్లు' ఒక్కటే ఉంది. అమ్మేమో "బైబిల్ ఉండగా ఇంకో పుస్తకం దేనికి" అంటుంది. మనిషికి మూడు వందలకు మించి పెట్టలేం. అందరూ చెప్పే మాటలు కాకుండా మీ సొంత అభిప్రాయం చెప్పండి.
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు:

చెల్లెమ్మా, వందనాలు.

ముందు పెద్దల సంగతి చూద్దాం, వాళ్ళు ఒప్పుకోకపోతే మిగతాదంతా రాసి లాభం లేదు. "ఆ డబ్బు కానుకల్లో వేయండి" అన్న మాట ముప్పై ఏళ్ళు సండే స్కూల్ చెప్పిన నాకు బాగా అలవాటే. వాళ్ళతో వాదనకు దిగకండి. మార్కు సువార్త ఆరో అధ్యాయం తీసి వాళ్ళ ముందు చదవండి. శిష్యులు ఊళ్ళు తిరిగి అలసిపోయి వచ్చారు. వచ్చేపోయే జనంతో వాళ్ళకు తినడానికి కూడా తీరిక లేదు. అప్పుడు ప్రభువు వాళ్ళకు ఇంకో పని చెప్పలేదు. ఏకాంతంగా అరణ్యప్రదేశానికి వచ్చి కొంచెంసేపు అలసట తీర్చుకోమన్నాడు. యోహాను సువార్త చివరి అధ్యాయం కూడా చదవండి. తిరిగి లేచిన ప్రభువు తెల్లవారుజామున చెరువొడ్డున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రొట్టె పెట్టి "రండి, భోజనం చేయండి" అని పిలిచాడు. పేతురుతో మాట్లాడాల్సిన పెద్ద మాట ఉన్నా, కడుపు నిండాకే మొదలుపెట్టాడు. నాకు ఆ వరస చాలా ఇష్టం.

ఆ వరస నేను ఒకసారి తప్పాను. ఒక ఏడాది యాభై మంది పిల్లలతో బస్సు మాట్లాడుకుని సముద్రానికి వెళ్ళాం. బస్సు మూడు గంటలు ఆలస్యంగా వచ్చింది. మేం చేరేసరికి నడినెత్తిన ఎండ. పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళ వైపు పరిగెత్తబోతుంటే ఆపి, సరుగుడు చెట్ల కింద కూర్చోబెట్టి, మైకు పెట్టి గంటన్నర వాక్యం చెప్పాను. పిల్లల కళ్ళు నా మీద లేవు, నా భుజం మీదుగా అలల మీద ఉన్నాయి. ఒక ఏడో తరగతి పాప చేతులు కట్టుకుని అలా చూస్తూ కూర్చున్న తీరు ఇప్పటికీ నాకు గుర్తుంది. చివరికి నీళ్ళలో ఆడుకోవడానికి వాళ్ళకు మిగిలింది అరగంట. ఆ రోజు ఆ పిల్లలకు నేను అన్యాయం చేశాను.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తున్నాను. వాటర్ పార్క్‌కు వెళ్ళాలంటే వెళ్ళండి, తప్పేం లేదు. కానీ ఆటకే వెళ్ళండి. భక్తి అనే పేరు పెట్టి మధ్యలో ఒక ప్రసంగం దూర్చి, చేతిలో ఒక పుస్తకం పెట్టి పంపితే పిల్లలకు ఆటా దక్కదు, వాక్యమూ దక్కదు. పైగా మీరు చెప్పిన డబ్బు దానికి చాలకపోవచ్చు.

కిన్నెరసానిలో పిల్లలు ఫోన్లు పట్టుకున్నారని బాధపడ్డారు. ఆ తప్పు వాళ్ళది కాదనుకుంటాను. డ్యామూ జింకల పార్కూ చూడ్డం అయిపోయాక "ఇప్పుడు ఏం చేద్దాం" అన్నదానికి మీ దగ్గర జవాబు ఉందా? చేతికి పని లేకపోతే చెయ్యి ఫోను మీదికే పోతుంది. నాకైనా అంతే. బయటికి వెళ్ళే రోజుకు ఒక కథ కావాలి. వెళ్ళిన చోటికీ ఆ కథకూ చుట్టరికం ఉండాలి. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే. మీరు పుస్తకాల గురించీ, వెళ్ళే చోటు గురించీ రెండు వేరు ప్రశ్నలుగా అడిగారు. నేను రెండింటికీ కలిపి ఒకటే జవాబు చెప్తాను.

మీకు అరగంట రైలు దూరంలో డోర్నకల్ ఉంది. ఎన్నిసార్లు ఆ జంక్షన్ మీదుగా వెళ్ళి ఉంటారో! కొత్తగూడెం వైపు లైను చీలేచోట కిటికీలోంచి టీ కొనుక్కుని ముందుకు వెళ్ళిపోయి ఉంటారు. ఈసారి దిగండి.

అక్కడి ఎపిఫనీ కెథడ్రల్ (బిషప్ గారి పెద్ద గుడి) 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. ఎపిఫనీ అంటే తూర్పు దేశపు జ్ఞానులు బాలయేసును చూడవచ్చిన సంగతిని తలచుకునే పండుగ. మీరు వెళ్ళేదీ జనవరిలోనే. ఆ గుడి బయట నిలబడి పిల్లలను ఒక ఐదు నిమిషాలు ఏమీ చెప్పకుండా చూడనివ్వండి. గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తొస్తుంది. స్తంభాలు చూస్తే మన ఊరి గుడి మండపం గుర్తొస్తుంది. చెక్కడాల్లో తామరపువ్వు కనిపిస్తుంది. వీటన్నిటితో కలిసి సిలువ. "తామరపువ్వులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి" అని పిల్లలకు పని చెప్పండి, ఫోన్లు వాటంతట అవే జేబుల్లోకి వెళ్తాయి. ఫోటోల కోసం మళ్ళీ బయటికి వస్తాయి, రానివ్వండి.

ఆ గుడి కట్టించినది బిషప్ వి. ఎస్. అజరయ్య గారు. మన ప్రాంతంవాడు కాదు, తమిళుడు. 1874లో తిరునెల్వేలి వైపు ఒక పల్లెలో పుట్టారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో ఒక మిషన్ పెట్టుకుంటే, దాని తరఫున 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చారు. వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండు చర్చికి చెందిన సంఘంలో, బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. మన దేశంలో అప్పటిదాకా తెల్లవాళ్ళు తప్ప ఇంకొకరు కూర్చోని కుర్చీ అది. దానికి రెండేళ్ళ ముందు, 1910లో, ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో మాట్లాడుతూ ఆయన అన్న మాట ఈ రోజుకీ చెప్పుకుంటారు. మీరు మా బీదలకు ఆస్తులు పంచారు, మీ ప్రాణాలు ఇచ్చారు, మేం అడిగేది ప్రేమ, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. ముప్పై ఐదేళ్ళ మనిషి, దొరల మధ్య నిలబడి, దొరల తప్పు దొరల ముఖం మీదే చెప్పాడు. మీ బీటెక్ పిల్లలకు ఇది చెప్పి చూడండి. రేపు ఏదో ఒక ఆఫీసులో, తమను తక్కువగా చూసేవాళ్ళ ముందు వాళ్ళు నోరు విప్పాల్సిన రోజు వస్తుంది.

పల్లెల్లో ఆయన నాలుగు దయ్యాలతో యుద్ధమని చెప్పేవారట. మురికి, రోగం, అప్పు, తాగుడు. ఆ నాలుగింటిలో ఇప్పటికీ మన వీధుల్ని వదలనివి ఏవో పిల్లల్నే చెప్పమనండి. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళతో తమ తల మీద చెయ్యి పెట్టించి, "సువార్త ప్రకటింపక పోయినయెడల నాకు శ్రమ" అన్న పౌలు మాట పలికించేవారు. చదువు రాని కూలివాళ్ళు, ఊరి బయట గుడిసెల్లో ఉండేవాళ్ళు ఆ మాట పలికారు. మీ ఇరవై నాలుగు మందిలో కొందరి ముత్తాతలు వాళ్ళే అయి ఉంటారు. సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) 1947 సెప్టెంబరులో ఏర్పడింది. అందుకోసం ఏళ్ళ తరబడి పాటుపడ్డ ఆయన మాత్రం 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. చూడలేకపోయారు.

ఆయన మీద ఇంగ్లీషులో పెద్ద జీవిత చరిత్ర ఉంది, సూజన్ బిల్లింగ్టన్ హార్పర్ రాసినది, 2000లో వచ్చింది. అది పరిశోధన గ్రంథం, లావుగా ఉంటుంది, పిల్లల చేతికి ఇవ్వలేం. మీరిద్దరూ కూర్చుని దొరికినంత చదివి, తెలుగులో నాలుగు పేజీలు రాసుకోండి. పిల్లల్లో గొంతు బాగున్న ఇద్దరికి ముందుగానే ఇచ్చి ప్రాక్టీసు చేయించండి. గుడి ఆవరణలో చెట్టు నీడన వాళ్ళే చదువుతారు. పావుగంట చాలు. మైకు వద్దు. అక్కడి పాస్టరు గారికి ముందే కబురు చేసి అనుమతి తీసుకోండి. చెప్పులు విడవడం, ఫోటోలు తీయడం లాంటి వాటికి అక్కడి పద్ధతి అడిగి పాటించండి.

వేరేచోట్ల మీద కూడా రెండు ముక్కలు చెప్తాను. నేలకొండపల్లి మీకు ఒక పూట ప్రయాణం. బౌద్ధ స్తూపం ఉంది, భక్త రామదాసు పుట్టిన ఊరు. మన పొరుగువాళ్ళ భక్తి ఎలాంటిదో మన పిల్లలు మర్యాదగా చూసి రావడం మంచిదే. లక్నవరం అందంగా ఉంటుంది, వేలాడే వంతెన మీద నడిస్తే పిల్లలు కేకలు పెడతారు, అయితే ఒక్క రోజులో హడావుడి. పాపికొండల లాంచీ ప్రయాణం అంటే ఇరవై నాలుగు మంది పిల్లల బాధ్యత. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగి ఏం జరిగిందో మనం చూశాం. ఎక్కిన వెంటనే ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ వేసి, బిగించి, దిగేదాకా తీయనివ్వకుండా చూసే ధైర్యం మీకుంటేనే వెళ్ళండి.

మెదక్ మాత్రం రెండు రోజులు పెట్టుకుని ఎప్పుడో ఒకసారి వెళ్ళాలి. అక్కడి కెథడ్రల్ 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే ఇంగ్లీషు మిషనరీ వాళ్ళను ఆ కట్టడం పనిలో పెట్టుకున్నారు. గంట గోపురం 175 అడుగులు. చాలామంది సాయంత్రం చేరి, బయట ఫోటో దిగి వచ్చేస్తారు. అది చూసినట్టు కాదు. మూడు పెద్ద కిటికీల రంగు అద్దాల్లో క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం ఉన్నాయి. బయటి వెలుతురు వాటి గుండా లోపలికి వచ్చినప్పుడే బొమ్మ కనిపిస్తుంది. పొద్దు వాలాక అవే అద్దాలు నల్లని పలకలు. కాబట్టి పొద్దున్నే వెళ్ళండి. లోపల కూర్చోండి. మబ్బు అడ్డం వచ్చి పోయినప్పుడు ఆ ఎరుపూ నీలమూ ఎలా తగ్గి మళ్ళీ ఎలా లేస్తాయో చూడండి. నేను చూసిన రోజు మా పక్కన గొర్రెల కాపరి ఒకాయన, భుజాన గొంగడితో, అరగంట కదలకుండా కూర్చున్నాడు.

(ఒంగోలు వైపు వాళ్ళు ఇది చదువుతుంటే మీకు జాన్ క్లౌ అనే అమెరికన్ మిషనరీ కథ ఉంది. 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని ఇచ్చాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. పిల్లలను ఆ ఏటి ఒడ్డుకు తీసుకెళ్ళి ఆ కథ చెప్పండి.)

ఇక పుస్తకాలు.

మీ ఇంట్లో ఉన్న 'ఎడారిలో సెలయేర్లు' దగ్గరే మొదలుపెడతాను, తెలుగు క్రైస్తవ ఇళ్ళలో బైబిల్, పాటల పుస్తకం తర్వాత ఎక్కువగా కనిపించేది అదే. తేదీల వారీగా రోజుకో ధ్యానం ఉంటుంది అందులో. మా అత్తగారిది ఇప్పుడు నా దగ్గర ఉంది. అట్ట చిరిగితే పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసుకున్నారు. పేజీల అంచుల్లో పెన్సిల్‌తో చిన్న చిన్న మాటలు రాసుకున్నారు. జూన్ నెలలో ఒకచోట "పెద్దోడికి ఆపరేషన్. వాన" అని ఉంది. ఆ పెద్దోడు మా ఆయనే, అప్పటికి ఆయనకు తొమ్మిదేళ్ళు. ఆ పక్క పేజీలో నీళ్ళు పడి అక్షరాలు ఉబ్బాయి. వాన నీళ్ళో కన్నీళ్ళో నేను అడగలేదు, అడగాలనిపించలేదు. ఆ పుస్తకం కూర్చిన లెటీ కౌమన్ కూడా అలాంటి రోజుల్లోనే దాన్ని కూర్చింది. జపాన్‌లో సేవ చేస్తున్న భర్తకు గుండె జబ్బు వస్తే అమెరికాకు తిరిగి వచ్చి, ఆరేళ్ళు అతని మంచం పక్కన గడిపింది. తమను నిలబెట్టిన మాటలు ఎవరు రాసినవైనా ఏరి దాచుకుంది. భర్త 1924లో పోయాడు, పుస్తకం 1925లో వచ్చింది. అందుకే అందులో ఒకరి గొంతు కాదు, ఎంతోమంది గొంతులు వినిపిస్తాయి.

నాకు ప్రాణమైన పుస్తకమే అయినా మీ యూత్‌కు మొదటి పుస్తకంగా ఇవ్వొద్దంటాను. బాధలో ఉన్నవాళ్ళ కోసం బాధలో ఉన్న మనిషి కూర్చిన పుస్తకం అది. పదిహేడేళ్ళ పిల్లవాడికి నవ్వుతూ తుళ్ళుతూ ఉన్న రోజున ఇస్తే నాలుగు రోజులు చదివి పక్కన పడేస్తాడు, ఆ తర్వాత నిజంగా కావలసిన రోజున "అది నాకు తెలుసులే" అనుకుంటాడు. ఇంట్లో ఉంచండి. దాని రోజు అదే వస్తుంది.

మీ పిల్లలకు నేను ముందు ఇచ్చేది 'యాత్రికుని ప్రయాణము'. రాసిన జాన్ బన్యన్ గిన్నెలకు మాట్లు వేసుకుని బతికిన మనిషి. అనుమతి లేకుండా వాక్యం చెప్పాడని 1660లో పట్టుకెళ్ళి పన్నెండేళ్ళు జైల్లో ఉంచారు. పుస్తకం 1678లో అచ్చయింది. పాత తెలుగు అనువాదాల భాష గ్రాంథికంగా ఉంటుంది, పిల్లలు ఒంటరిగా చదివితే రెండో పేజీలో ఆగిపోతారు. పైకి చదివి వినిపిస్తే మాత్రం కథే లాక్కుపోతుంది.

అందులో సందేహపు కోట అధ్యాయం తప్పకుండా చదివించండి. యాత్రికుడూ అతని స్నేహితుడూ దారి తప్పి నిరాశ అనే రాక్షసుడి చేతికి చిక్కుతారు. వాడు వాళ్ళను చీకటి కొట్లో వేసి, తిండి పెట్టకుండా కొట్టి, ఇక మీకు దారి లేదు, మీ అంతట మీరే చచ్చిపొండి అని చెప్తాడు. ఎలా చావాలో కూడా చెప్తాడు. ఇంటర్ పిల్లలున్న చోట ఈ పేజీ చదువుతున్నప్పుడు గొంతు తగ్గించి, నెమ్మదిగా చదవండి. మార్కుల టెన్షన్‌లో ఆ రాక్షసుడి మాట విన్న పిల్లలు మన మధ్య ఉన్నారు. యాత్రికుడు కూడా ఆ మాటకు ఊగిసలాడతాడు, స్నేహితుడే ఆపుతాడు. శనివారం అర్ధరాత్రి ఇద్దరూ ప్రార్థన మొదలుపెడతారు. తెల్లవారబోతుండగా యాత్రికుడు ఉలిక్కిపడి, నా రొమ్ములో వాగ్దానం అనే తాళంచెవి ఉందే, ఇన్ని రోజులూ మరిచిపోయానే అంటాడు. తలుపు తెరుచుకుంటుంది. చివరి ఇనుప గేటు దగ్గర ఆ తాళం చాలా బిగుసుకుపోయి ఉంటుంది, కష్టపడి తిప్పాల్సి వస్తుంది. బన్యన్ ఆ ఒక్క ముక్క రాశాడు కాబట్టే ఆ కథ మొత్తం నేను నమ్ముతాను. చదివిన తర్వాత "ఏమర్థమైంది" అని అడగకండి. ఎవరైనా పిల్లవాడు వెనక మిగిలిపోతే వాడి పక్కన నడవండి. ఏదైనా చెప్తే వినండి, ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడించండి. అవసరమైతే మానసిక బాధలో ఉన్నవాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416 కలిపి ఇవ్వండి. ప్రార్థన చేయడమూ ఫోను కలపడమూ ఒకదానికొకటి అడ్డం కావు.

రెండో పుస్తకం కొర్రీ టెన్ బూమ్ ఆత్మకథ, 'ది హైడింగ్ ప్లేస్', 1971లో వచ్చింది. ఇంగ్లీషు చదవగలిగిన బీటెక్ పిల్లలకు ఇవ్వండి, మిగతావాళ్ళకు ఆ కథ వాళ్ళచేతే చెప్పించండి. హాలండ్‌లో గడియారాలు బాగుచేసే కుటుంబం. నాజీల నుంచి యూదులను తమ ఇంట్లో దాచి కాపాడారు. 1944 ఫిబ్రవరిలో పట్టుబడ్డారు. ముసలి తండ్రి పది రోజుల్లోనే నిర్బంధంలో పోయాడు. అక్కచెల్లెళ్ళు బెట్సీ, కొర్రీలను రావెన్స్‌బ్రూక్ శిబిరానికి తోలారు. పడుకునే చెక్కబల్లల నిండా కుట్టి రక్తం పీల్చే పురుగులు. అన్నిటి కోసం కృతజ్ఞత చెప్పాలంది కదా వాక్యం, వీటి కోసం కూడా చెప్దాం అంటుంది బెట్సీ. పురుగుల కోసం నేను చెప్పను అంటుంది కొర్రీ. ఆ గదిలో రాత్రిళ్ళు వాళ్ళు రహస్యంగా బైబిల్ చదివి ఆడవాళ్ళందరికీ వినిపిస్తుంటే, కాపలావాళ్ళు ఒక్కరోజు కూడా లోపలికి రాలేదు. ఎందుకు రావడం లేదో తర్వాత తెలిసింది. ఆ పురుగులకు భయపడి! బెట్సీ మాత్రం ఆ డిసెంబరులో అక్కడే చనిపోయింది.

ఈ కథ నాకు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. మా ఆయన వ్యాపారం దెబ్బతిన్న ఏడాది, ఒక సభ దగ్గరి స్టాల్లో ఒక పుస్తకం కొన్నాను. మెరిసే అట్ట. విశ్వాసం సరిగా ఉంటే అప్పులు తీరతాయి, తీరలేదంటే నీ విశ్వాసంలోనే లోపం ఉంది అని దాని సారం. రెండేళ్ళు ఆ మాట గుండెల మీద రాయిలా పెట్టుకుని తిరిగాను. ప్రార్థనకు మోకరిస్తే, నేను ఏం తప్పు చేశానా అన్న ఆలోచన తప్ప ఇంకోటి వచ్చేది కాదు. తర్వాత ఒక స్నేహితురాలు బెట్సీ కథ ఇచ్చింది. అంత విశ్వాసం ఉన్న బెట్సీ శిబిరంలోనే కన్నుమూసిందే! ఇక ఆమె విశ్వాసంలో లోపం ఉందని ఎవరంటారు? ఆ రోజు నా మీదినుంచి ఆ రాయి దిగింది. అందుకే డబ్బు, ఉద్యోగం, వీసా వస్తాయని హామీ ఇచ్చే పుస్తకాలు మీ పిల్లలకు దయచేసి ఇవ్వొద్దు. అవి ఉచితంగా వచ్చినా వద్దు.

రిక్ వారెన్ 'ది పర్పస్ డ్రివెన్ లైఫ్' గురించి కూడా మీ పిల్లలు అడుగుతారు, ఎందుకంటే అందరూ దాని పేరు చెప్తారు. 2002లో వచ్చింది, నలభై అధ్యాయాలు, రోజుకొకటి చొప్పున నలభై రోజులు. గుంపుగా కలిసి చదవడానికి బాగానే పనికొస్తుంది. నాకైతే అందులో ప్రతి ప్రశ్నకూ జవాబు మరీ తొందరగా దొరికేస్తుంది అనిపించింది. అజరయ్య గారి జీవితంలా, బెట్సీ జీవితంలా చేతికి చిక్కని ముడి ఒకటి ఉన్న పుస్తకాలే నాకు ఎక్కువ రోజులు గుర్తుంటాయి. సాధు సుందర్ సింగ్ పుస్తకాలు చిన్నవి, ఉపమానాలతో నిండి ఉంటాయి. చదివే అలవాటు లేనివాళ్ళకు అవి ఇవ్వండి.

తెలుగు వాళ్ళుగా మనం మరిచిపోయిన పుస్తకం ఒకటుంది. గుర్రం జాషువా 'క్రీస్తు చరిత్ర'. వినుకొండలో పుట్టి, అంటరానితనం దెబ్బలు తిని, పద్యంతో నిలబడ్డ మహాకవి మన తెలుగులో, మన ఛందస్సులో యేసు కథ చెప్పాడు. 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది ఆ పుస్తకానికే. అనువాదపు తెలుగు చదివి చదివి, ఇంగ్లీషు వాసన కొట్టే వాక్యాలకు అలవాటు పడిపోయిన మన చెవులకు ఆ పద్యం ఒక్కటి వినిపించినా చాలు. "మన దేవుడి కథ మన మాటల్లో ఇంత అందంగా ఉంటుందా" అని మా సండే స్కూల్ కుర్రాడొకడు అన్నాడు. మీ సంఘంలో తెలుగు మాస్టారు ఎవరైనా ఉంటే డోర్నకల్‌కు వెంటబెట్టుకెళ్ళి, రెండు పద్యాలు రాగం తీసి చదివించండి. ఇన్ని సంఘాలు, ఇన్ని పుస్తకాల స్టాళ్ళు ఉండి, అక్కడ జాషువా కనిపించకపోవడం నాకు నిజంగా బాధ.

కొనే పద్ధతి గురించి. ఇరవై నాలుగు మందికీ ఒకే పుస్తకం రంగు కాగితంలో చుట్టి ఇవ్వకండి. అలా ఇచ్చినవి షోకేసులో గ్లాసుల పక్కన చేరతాయి. నాలుగు రకాలు, ఒక్కోటి ఆరు కాపీలు కొనండి. వెనక అట్ట లోపల కాగితం అంటించి, చదివినవాళ్ళు పేరూ, తమకు నచ్చిన పేజీ నంబరూ రాసి ఇంకొకరికి ఇవ్వాలని చెప్పండి. మీ డబ్బులో రైలు టికెట్టు, పులిహోర, పెరుగన్నం పోగా మిగిలేది దీనికి సరిపోవచ్చు. తిండి బయట కొనకండి, నలుగురు తల్లులకు పని పంచండి. ఆ తల్లుల్లో ఇద్దరు మీ వెంట కూడా వస్తే, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి వెళ్ళడం మీద పెద్దలకున్న బెంగ కూడా తీరుతుంది. ఆ బెంగను చిన్నచూపు చూడకండి.

ఇక మీ అమ్మగారి మాట. "బైబిల్ ఉండగా ఇంకో పుస్తకం దేనికి?" ఆమె భక్తితో అడుగుతోంది కాబట్టి వాక్యంతోనే జవాబు చెప్పండి. రెండో తిమోతి నాలుగో అధ్యాయం పదమూడో వచనం. పౌలు రోమా చెరసాలలో ఉన్నాడు, చావు దగ్గరపడిందని తెలుసు, చలికాలం వస్తోంది. తిమోతిని ఏం తెమ్మన్నాడు? త్రోయలో కర్పు దగ్గర విడిచి వచ్చిన అంగీ, పుస్తకాలు, ముఖ్యంగా చర్మపు కాగితాలు. కొత్త నిబంధన పత్రికల్లో సగానికి పైగా తనే రాసిన మనిషి పుస్తకాలు కావాలన్నాడు. ఆ వచనం చదివాక అమ్మగారిని ఇంకేమీ అడగకుండా, ఆమె 'ఎడారిలో సెలయేర్లు'లో ఏ తేదీ ఆమెకు ఇష్టమో అడగండి. ఆ రోజు ఏం జరిగిందో చెప్పించుకోండి.

వెళ్ళే రోజు సంక్రాంతి రద్దీకి ముందే పెట్టుకోండి, ఆ వారం రైళ్ళలో నిలబడే చోటు కూడా దొరకదు. చివరగా ఒక్క పని. మీ సంఘంలో ఎనభై దాటిన అమ్మమ్మ ఎవరో ఒకరు ఉండే ఉంటారు, తన చిన్నప్పుడు పల్లెలో బాప్తిస్మాలు, రాత్రిపూట లాంతరు వెలుగులో భజనలు చూసిన మనిషి. ఆమెను అడగండి. రానంటే బతిమాలండి. మీరు రాసుకున్న నాలుగు పేజీలు చదివేశాక, ఆమె చెప్పేది వినండి. రైల్లో ఆమెకు కిటికీ పక్క సీటు ఇవ్వండి, పక్కన మీ అందరిలో ఎక్కువగా ఫోను చూసే అబ్బాయిని కూర్చోబెట్టండి.